మూడో బల్బు

13 ఏప్రిల్ 1997, ఆదివారం

ఉస్తాద్ ఇవాళ మళ్ళీ అదే మొదలుపెట్టాడు. వ్యాయామశాలలో కొత్తగా చేరినవాళ్ళందరినీ హనుమంతుడి పటం ముందు కూచోబెట్టి, నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, అంగట్లో ఎద్దును చూపించినట్టు వీపు మీద చరిచాడు.

"చూడుండ్రి బాలకిషన్‌ను. ముప్పై మూడేండ్లు. పెండ్లి లేదు, ఏం లేదు. పొద్దున లేస్తే నారాయణగూడ చౌరస్తల కాలేజి పిల్లలు గుంపులు గుంపులు పోతుంటరు. ఒక్కనాడన్న కన్నెత్తి చూసిండా? అడుగుండ్రి! లంగోటు పక్కా మనిషి. గందుకే రెండు వందల నలబై కిలోలు భుజాల మీద ఏసుకొని కూసొని లేస్తడు. తాకత్ యాడికెళ్ళి వస్తదనుకున్నరు, గుడ్లు తింటెనా?"

పన్నెండేళ్ళ నుంచి ఇదే పాట. నేను తల దించుకుంటాను. తల దించుకుంటే వినయం అనుకుని ఇంకో మెట్టు పైకెక్కిస్తారు.

హనుమాన్ జయంతినాడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆ ఏటి బ్రహ్మచారి అని ఒకణ్ణి నిలబెట్టి, నుదుట సింధూరం పెట్టి, భుజం మీద ఇత్తడి గద పెడతారు. ఎనిమిదేళ్ళుగా ఆ భుజం నాదే. ఈసారి నా కసరత్తు జోడీ జైపాల్‌కు పెడదామన్నాడు ఉస్తాద్. సెక్రటరీని కాబట్టి నా చేతుల మీదుగా ఇప్పిస్తాడట.

ఇవ్వనీ. వాడికి రావాల్సిందే. నాకేం కుళ్ళు లేదు.

16 ఏప్రిల్

స్క్వాట్ రోజు. నేను వెళ్ళేసరికే జైపాల్ కడ్డీకి ప్లేట్లు ఎక్కించి పెట్టాడు. ఆఫీసుకు అరగంట లేటు. సూపరింటెండెంటు గడియారం వైపు చూశాడు, నేను ఫైలు వైపు చూశాను.

జైపాల్‌ది పాలమూరు. తండ్రి తిమ్మయ్య, తల్లి మాసమ్మ. అశోక్ నగర్‌లో లేస్తున్న ఒక హాస్టల్ బిల్డింగు దగ్గరే గుడిసె వేసుకుని కూలి చేస్తున్నారు. వీడూ అక్కడే ఇసుక మోస్తాడు. సర్కారు నౌకరీకి కోచింగు తీసుకునేవాళ్ళ హాస్టల్‌కు పగలంతా ఇటుకలు మోసి, తన సర్కారు నౌకరీ కోసం పొద్దున్నే ఇక్కడికొచ్చి ఇనుము మోస్తాడు. జూన్ 15న పవర్‌లిఫ్టింగ్ స్టేట్ మీట్. డెబ్బై ఐదు కిలోల కేటగిరీలో మూడో స్థానం వచ్చినా చాలు, స్పోర్ట్స్ కోటాలో ఇంటర్వ్యూకు పిలుస్తారు. వాడికి ఆ వయసు ఈ ఏడుతో దాటిపోతుంది.

"మెడల్ కొడితే ఇగ తట్ట ముట్టనన్న," అంటాడు. రోజూ అంటాడు.

నేను ఎత్తేటప్పుడు వాడు నా వెనక సపోర్టుకు నిలబడతాడు, వాడు ఎత్తేటప్పుడు నేను. బరువుతో కిందికి కూచున్నవాడు లేవలేకపోతే, వెనకవాడు చంకల కింద చేతులు పోనిచ్చి ఛాతీ పట్టుకుని లేపాలి. అందరూ చేసేదే. ఇందులో రాయడానికేమీ లేదు.

17 ఏప్రిల్

వాడి జుట్టుకు సిమెంటు వాసన.

22 ఏప్రిల్, మంగళవారం, హనుమాన్ జయంతి

మూర్ఖుడు. వాణ్ణి ఎవరడిగారు? ఎవరైనా అడిగారా?

వందమంది దాకా వచ్చారు. షామియానా, మైకు, అరటిగెలలు. ఉస్తాద్ రాఘవేందర్ గారు కొత్త ధోవతి కట్టుకుని గంటసేపు మాట్లాడాడు. మాట్లాడి, జైపాల్‌ను పిలిచి సింధూరం పెట్టాడు. నేను గద పట్టుకుని తయారుగా ఉన్నాను. వాడు చేతులు అడ్డం పెట్టాడు.

"నాకొద్దు ఉస్తాద్."

అందరూ మొహమాటమనుకున్నారు. ఉస్తాద్ మురిసిపోయి, మైకు వాడి నోటి దగ్గర పెట్టి, "ఎందుకొద్దురా? చెప్పు, అందరు వింటరు," అన్నాడు.

"ఇది ఆడోళ్ళకు దూరం ఉండి ఉపాసం చేసినోనికి ఇచ్చేది గద. నేను ఉపాసం చేస్తలేను. మిఠాయంటే ఇష్టమే లేనోడు మిఠాయి తినకపోతే అది ఉపాసమైతదా ఉస్తాద్?"

జనం నవ్వారు. ఉస్తాద్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. "మరి ఏం ఇష్టంరా నీకు? కారమా?"

"నాకు ఆడోళ్ళ మీద మనసు పోదు ఉస్తాద్. పోతే మొగోళ్ళ మీదనే పోతది. చిన్నప్పటి సంది గంతే. ఇంట్ల గూడ చెప్పలే. కానీ దేవుని ముంగట గద పట్టుకొని అబద్ధమెట్ల ఆడాలె?"

మైకు ఆన్‌లోనే ఉంది. గల్లీ చివరి దాకా వినిపించి ఉంటుంది.

వాడు మాత్రం ఏదో లెక్క సరిగ్గా ఒప్పజెప్పినవాడిలా నుదుట సింధూరంతో అందరి మొహాలూ చూస్తున్నాడు, ఎవరూ ఎందుకు మాట్లాడటం లేదా అని. చివరికి విద్యాసాగర్ "థూ" అని పక్కకు ఉమ్మాడు. వాడిదీ డెబ్బై ఐదు కిలోలే. జైపాల్ లేకపోతే స్టేట్‌లో వాడికే మూడో స్థానం.

ఉస్తాద్ గద నా చేతుల్లోంచి లాక్కుని నా భుజం మీదే పెట్టాడు. చప్పట్లు కొట్టారు. ఏటా కొట్టేదానికంటే గట్టిగా కొట్టారు.

తొమ్మిదో ఏడు.

23 ఏప్రిల్

విద్యాసాగర్ బకెట్‌లో పసుపు కలిపి జైపాల్ పట్టుకునే కడ్డీ కడిగించాడు. కడిగినవాళ్ళు తుడవలేదు. సాయంత్రానికి తుప్పు. సెక్రటరీని కాబట్టి నూనె పట్టించాల్సింది నేను. తెలివితక్కువ వెధవలు, ఇనుముకు తడి తెలుసు గానీ మైల తెలుసా.

25 ఏప్రిల్

ఆఫీసులో పని ఎక్కువైంది. ఇకనుంచి సాయంత్రం పూట వస్తానని, జైపాల్‌కు చెప్పమని వాచ్‌మన్ పీరయ్యకు చెప్పాను. పని నిజంగానే ఎక్కువైంది.

26 ఏప్రిల్

పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద గేటు తీసేదాకా కూచున్నాను. ఆఫీసులో పనేమీ లేదు.

27 ఏప్రిల్, ఆదివారం

ఆదివారం ఆఫీసు సాకు చెల్లదు కదా, వెళ్ళాను.

జైపాల్ నూట ఎనభై పెట్టుకున్నాడు. "సాగరన్నా, జర సపోర్టు," అన్నాడు.

విద్యాసాగర్ అందరికీ వినపడేలా, "నీ ముంగట నిలవడాలన్న భయమే, ఎన్క నిలవడాలన్న భయమే," అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. నేను బెల్టు బిగించుకుంటున్నాను. నేనూ నవ్వాను. గట్టిగా ఏం కాదు. మొహం నవ్వినట్టు పెట్టాను, అంతే.

జైపాల్ నా వైపు చూశాడు. నాకు బెల్టు బిగుసుకోలేదు, మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాను. వాడు ఇంకెవర్నీ అడగకుండా ఒక్కడే కడ్డీ కిందికి దూరాడు. రెండుసార్లు కూచుని లేచాడు. మూడోసారి సగంలో ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడో తెలీదు, నాకు మాత్రం మెడ నరాలన్నీ కనిపించాయి. పన్నెండుమంది మగాళ్ళం. ఒక్క కాలు కదల్లేదు. కడ్డీ వీపు మీదుగా జారి వెనక్కి పడింది. బండలు పగిలాయి. వాడు ముందుకు బోర్లా పడ్డాడు.

అప్పుడే కుసుమ వచ్చింది. ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ, అరవై కిలోల కేటగిరీ. ఆడవాళ్ళ టైము పదింటి నుంచి. ఎండాకాలం సెలవులు కదా, తొందరగా వచ్చినట్టుంది.

"ఏం మనుషులు మీరు? సచ్చిపోతే చూసుకుంట నిలవడుతరా?" అని అరిచి, వాణ్ణి లేపి, మళ్ళీ ప్లేట్లు ఎక్కించి, చున్నీ నడుముకు చుట్టుకుని తానే వెనక నిలబడింది.

ఉస్తాద్‌కు మంట లేచింది. "కుసుమా, ఆడపిల్లవై మొగోణ్ణి పట్టుకుంటవా?"

"ఆడోళ్ళ మీద మనసు పోదని మైకుల చెప్పె గద ఉస్తాద్. ఇగ నాకేం భయం? మీరే పరేషానైతున్నరు, ఇంతింత మీసాలు పెట్టుకొని."

ఆమెకు ఏం పోయింది? ఆమెను ఎవరేమంటారు? ధైర్యం చూపించడం ఆమెకు సులువు.

కాదు. సులువు కాదు. నాకు తెలుసు.

10 మే

కమిటీ మీటింగు. స్టేట్ మీట్ ఎంట్రీల నుంచి జైపాల్ పేరు కొట్టెయ్యమన్నాడు ఉస్తాద్. కారణం ఏం రాయాలని అడిగాను.

"కారణం రాయకు. పేరు రాయకు. అయిపాయె."

ఫారం మీద క్లబ్బు సెక్రటరీ సంతకం, ముద్ర లేకుండా జిల్లా అసోసియేషన్ తీసుకోదు. ముద్ర నా బీరువాలో ఉంటుంది.

14 మే

జైపాల్ ఫారం మీద సంతకం పెట్టాను. ముద్ర వేశాను. నేనే హిమాయత్‌నగర్ వెళ్ళి అసోసియేషన్ ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఇంతకంటే ఎవరు చేస్తారు? ఎవరూ చెయ్యరు. ఇవాళ అన్నం రుచిగా ఉంది.

21 మే

జైపాల్ నన్ను ఇరానీ హోటల్‌కు లాక్కెళ్ళాడు. నా ఆఫీసు బయట గంట నిలబడ్డాడట, పని బట్టల్లోనే. తన ఎంట్రీ అసోసియేషన్‌కు చేరిన సంగతి కుసుమ కనుక్కుని చెప్పిందట.

"అన్నా, నువ్వే గద చేసినవు. నాకెర్కే. నీ అసువంటి మనిషి లేడు."

చాయ్ వచ్చింది. సాసర్‌లో పోసుకుని రెండు గుక్కల్లో తాగేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. వాడికి గొంతు తగ్గించడం కూడా వచ్చునని నాకు అప్పటిదాకా తెలీదు.

"అన్నా, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు. నీది గూడ నా లెక్కనేనా?"

పక్క టేబుల్ దగ్గర కోచింగు కుర్రాళ్ళు జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు వేసుకుంటున్నారు. ఏ నది ఎక్కడ పుట్టిందని.

"నోర్ముయ్," అన్నాను. "నీ రోగం అందరికీ అంటించకు."

రోగం అన్నాను. ఆ మాటే అన్నాను. వాడు తప్పు తనదే అన్నట్టు, "సరే అన్న, సరే, మాఫ్ చెయ్యి," అన్నాడు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకోబోయి మానేశాడు.

22 మే

ఈ డైరీ ఎవరు చదువుతారు గనక. రాస్తాను.

నాక్కూడా అంతే. ఎప్పటినుంచో అంతే. పన్నెండేళ్ళుగా ఉస్తాద్ మెచ్చుకుంటున్న నిగ్రహంలో నిగ్రహమేమీ లేదు. నారాయణగూడ చౌరస్తాలో ఆడపిల్లల్ని చూడకుండా ఉండటానికి నేను ఎన్నడూ కష్టపడలేదు. కష్టపడింది పొద్దున ఆరింటికి, వాడి వెనక నిలబడి, చేతులు చాచి, తగలకుండా. దానికి ఎవరూ గద పెట్టరు.

వాడంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. నాలుగేళ్ళుగా.

23 మే

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే కొట్టేసినట్టు కనిపిస్తుంది. ఉండనీ. బీరువాలో ముద్రతో పాటు పెట్టి తాళం వేస్తాను.

6 జూన్

పోటీదారుల జాబితా అచ్చయి వచ్చింది. ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కొక్క పేరూ చదువుకుంటూ వచ్చి, జైపాల్ పేరు దగ్గర ఆగాడు.

"ముద్ర ఎవలు ఏసిండ్రు?"

"ఆ గొడవ కాకముందే పంపించాను ఉస్తాద్. మార్చిలోనే."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో. కానీ కమిటీ మీటింగులో తను చెప్పింది మరిచిపోయే మనిషి కాదు ఉస్తాద్. అందర్నీ బయటికి పంపాడు.

"బాలకిషన్, నిన్ను నేను కొడుకనుకున్న. నువ్వు పెండ్లెందుకు చేసుకోలేదని ఒక్కనాడు అడగలే. కానీ ఇప్పుడు బయట వేరే తీర్ల మాట్లాడుతున్నరు. నాలుగేండ్ల సంది ఇద్దరు ఒక్క జోడీ గద, ఈనిదేందో, ఆనిదేందో అని. ఒక్కొక్కని నోరు నేనే మూయిస్తున్న. ఎన్ని దినాలు మూయించాలె?"

"మీరు చెప్పండి ఉస్తాద్," అన్నాను.

"నేనేం చెప్తలేను. నువ్వేందో నువ్వే చూపియ్యి."

ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. బరువుగా.

14 జూన్

మీట్ కమిటీలో రెండు గంటలు ఒకటే చర్చ. బరువు చూసే గదిలో అందరూ లంగోటీ మీద, కొందరు అది కూడా లేకుండా నిలబడతారు. జైపాల్ ఉంటే తాము బట్టలిప్పమని నలుగురు కాగితం రాసిచ్చారు. రోజూ నడి గల్లీలో నల్లా కింద బట్టలిప్పి స్నానం చేసేవాళ్ళు వీళ్ళు!

నేనే లేచి పరిష్కారం చెప్పాను. అందరిదీ అయ్యాక వాడి బరువు విడిగా, స్టోర్ రూమ్‌లో చూద్దామని. ఎవరికీ ఇబ్బంది లేదు, వాడికీ మర్యాద. అందరూ ఒప్పుకున్నారు. నేను లేకపోతే వాణ్ణి అసలు రానిచ్చేవాళ్ళు కాదు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

15 జూన్, ఆదివారం

వరుసగా రాస్తాను. జరిగింది జరిగినట్టు.

విద్యానగర్‌లో ఒక ఫంక్షన్ హాలు. పొద్దున ఏడింటికి బరువులు మొదలయ్యాయి. జైపాల్ స్టోర్ రూమ్ బయట షామియానా గుంజల మధ్య నిలబడ్డాడు. బరువు అయ్యేదాకా ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. మిగతావాళ్ళు ముందే ముగించుకుని అరటిపళ్ళు, గుడ్లు తిన్నారు. వాడి వంతు తొమ్మిదిన్నరకు వచ్చింది. పదింటికి పోటీ. కుసుమ సగం గ్లూకోజ్ డబ్బా వాడి నోట్లో పోసింది.

తిమ్మయ్య, మాసమ్మ కూడా వచ్చారు. కూలి మానుకుని. ఆమె ముందు వరుసలో కుర్చీ చూసి, కూచోవచ్చో లేదో అని నిలబడే ఉంది.

వరంగల్ నుంచి రావాల్సిన సైడ్ రెఫరీకి జ్వరం. రెఫరీ పరీక్ష పాసైన వాణ్ణని నన్ను కూచోమన్నారు. వద్దన్నాను. ఒకసారి వద్దన్నాను. ఉస్తాద్ ముందు వరుసలోంచి, "కూసోనీయుండ్రి, మావోడు న్యాయంగ చూస్తడు," అన్నాడు. కుడి వైపు కుర్చీలో కూచున్నాను.

స్క్వాట్, బల్ల మీద పడుకుని ఎత్తే బెంచ్ అయ్యేసరికి జైపాల్ నాలుగో స్థానంలో ఉన్నాడు. ఇక డెడ్‌లిఫ్ట్. నేల మీది బరువును తొడల దాకా ఎత్తి, మోకాళ్ళు వంగకుండా లాక్ చేసి నిటారుగా నిలబడాలి. అది వాడి సొత్తు. పుట్టినప్పటి నుంచి అదే చేస్తున్నాడు. ఆఖరి ప్రయత్నం రెండు వందల నలభై ఐదు. ఎత్తితే మూడూ కలిపిన లెక్కలో రెండున్నర కిలోల తేడాతో విద్యాసాగర్‌ను దాటి మూడో స్థానం.

మాకు మెయిన్ రెఫరీ, ఇద్దరు సైడ్ రెఫరీలు. తలొక స్విచ్చు. సరిగ్గా ఎత్తితే తెల్ల బల్బు, తప్పయితే ఎర్ర బల్బు. మూడింట్లో రెండు తెల్లవైతే లిఫ్ట్ చెల్లుతుంది. ముగ్గురూ ఒకేసారి నొక్కాలని రూలు. మా బోర్డుకు ఆ సౌకర్యం లేదు. ఎవరు నొక్కితే వాళ్ళది వెలుగుతుంది.

జైపాల్ వచ్చాడు. అరచేతులకు సుద్ద రాసుకుని, వంగి, పట్టుకున్నాడు. కడ్డీ వంగింది. ప్లేట్లు లేచాయి. మోకాళ్ళ దగ్గర ఒక్క క్షణం నెమ్మదించింది. తర్వాత వాడు నిలబడ్డాడు. భుజాలు వెనక్కి, మోకాళ్ళు బిర్రుగా. ముక్కులోంచి రక్తం పెదవి మీదికి కారుతోంది. మెయిన్ రెఫరీ "డౌన్" అన్నాడు. వాడు బరువును విసిరేయకుండా పసిపాపను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టాడు.

నడిమి బల్బు తెల్లగా వెలిగింది.

ఎడమ బల్బు ఎర్రగా వెలిగింది. ఆయన విద్యాసాగర్‌కు మేనమామ వరస.

నాది మిగిలింది. హాలంతా నా వైపు చూసింది. మాసమ్మ ఏం జరుగుతోందో అర్థం కాక పక్కవాళ్ళను అడుగుతోంది. ఉస్తాద్ చేతులు కట్టుకుని బోర్డును కాదు, నన్ను చూస్తున్నాడు. జైపాల్ కూడా నన్నే చూశాడు. నవ్వుతూ చూశాడు. బల్బు నాదని తెలియగానే వాడికి భయం పోయింది. నాకు కనిపించింది, పోవడం.

ఎర్రది నొక్కాను.

విద్యాసాగర్ వాళ్ళు ఈలలు వేశారు. కుసుమ పరుగెత్తుకొచ్చింది. "సెక్రటరీ సార్, ఏం తప్పు? చెప్పుండ్రి, ఏం తప్పు?"

"మోకాలు లాక్ కాలేదు."

"ఏ మోకాలు?"

"ఎడమది," అన్నాను.

నేను కూచున్నది జైపాల్‌కు కుడి వైపు. అక్కడి నుంచి ఎడమ మోకాలు కనపడదు. కుసుమ నా కుర్చీ వైపు చూసింది, ప్లాట్‌ఫాం వైపు చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. "థూ" అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఉస్తాద్ వచ్చి నా వీపు మీద చరిచాడు.

16 జూన్

మోకాలు లాక్ కాలేదు.

17 జూన్

సెకను కాలంలో చూసి చెప్పాలి. కళ్ళు మోసం చేస్తాయి. ఎంతోమంది రెఫరీలకు జరుగుతుంది. మోకాలు లాక్ కాలేదనే అనిపించింది. నేను ఫారం మీద ముద్ర వేయకపోతే వాడు ప్లాట్‌ఫాం ఎక్కేవాడే కాదు. అది ఎవరూ చెప్పుకోరు.

18 జూన్

లాక్ అయింది.

19 జూన్

ఉస్తాద్ పదిమంది ముందు నన్ను కావలించుకున్నాడు. "జోడీగాడని గూడ చూడలే, న్యాయం చూసిండు," అన్నాడు. ఇక ఎవరూ ఏమీ మాట్లాడరు. వ్యాయామశాలలో నా గురించి ఎవరికీ ఏ అనుమానమూ లేదు. హాయిగా ఉండాలి నాకు. హాయిగా ఉంది.

22 జూన్, ఆదివారం

మధ్యాహ్నం జైపాల్ వచ్చాడు. చిక్కడపల్లిలో నా గదికి వాడు రావడం ఇదే మొదలు. తలుపు తీయగానే, తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే అనుకున్నాను. వాడు గడప అవతలే చెప్పులు విడిచి, "రావచ్చా అన్నా?" అని అడిగి లోపలికొచ్చి కింద కూచున్నాడు. కుర్చీలో కూచోమంటే వినలేదు. ముక్కు కింద ఇంకా ఎండిన పొక్కు ఉంది.

"అన్నా, వారం సంది నిద్ర వస్తలేదు. ఒక్కటి చెప్పు. నాకైతే లాకైనట్టే అనిపిచ్చింది. కుసుమక్కనేమో నువ్వు కావాల్నని చేసినవంటది. నేను ఆమెతోని కొట్లాడిన. బాలన్న గట్ల చేసే మనిషి కాదు, ఆయనకు ఏదో కనవడ్డదన్న. నా మోకాలు నాకు కనవడదు గద. నువ్వైతే నాలుగేండ్ల సంది చూస్తున్నవు. నువ్వు చెప్తె నమ్ముత. నిజంగనే లాక్ కాలేదా?"

కిటికీ కింద ఎవరో సోడాబండి మీద సీసాలు మోగించుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయేదాకా ఆగాను. చెప్పడానికి అంత టైము ఉంది నాకు. చాలా టైము ఉంది.

"కాలేదు," అన్నాను.

వాడు ఊపిరి వదిలాడు. మొహం తేలికపడింది, నిజంగా తేలికపడింది. "గంతే గద! నేను ఏమేమో అనుకున్న. నీ మీద తప్పుడు ఆలోచనలొచ్చినయన్న, నాకే సిగ్గైతుంది." లేచి నిలబడి ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచాడు. "జర చూపియ్యి. ఎంత రావాలెనో ఇప్పుడే నేర్పు."

"ఇంకెందుకురా? వయసు దాటిపోయింది. నౌకరీ లేదు కదా."

"నౌకరీకి కాదన్న. తట్ట యాడికి పోతది, ఉంటది. నాకు ఎత్తుడు సక్కగ రావాలె. తప్పు ఎత్తిండని పేరెందుకు?"

గది మధ్యలో నిలబడి, వంగి, లేని కడ్డీని పట్టుకుని, లేని బరువును ఎత్తి నిటారుగా నిలబడ్డాడు. రెండు మోకాళ్ళూ బిర్రుగా ఉన్నాయి. ఏ పుస్తకంలో బొమ్మా అంత సరిగ్గా ఉండదు.

"ఇంతనా?"

"ఇంకా," అన్నాను.

"ఇంతనా అన్నా?"

నేను కింద కూచుని వాడి ఎడమ మోకాలు మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నొక్కాను. నాలుగేళ్ళలో, బరువు లేకుండా, ఎవరూ చూడకుండా వాణ్ణి తాకడం అదే మొదటిసారి. వెళ్ళడానికి ఇక చోటు లేదు. ఎముక ఎముకకు ఆనింది. నొక్కాను.

"నొస్తుందన్న."

"నొప్పి పుట్టాలి. అప్పుడే లాక్ అయినట్టు."

వాడు పళ్ళు బిగించి ఇంకా వెనక్కి నెట్టాడు. కాలు వణికింది.

"అంటే నేను ఇన్నేండ్ల సంది తప్పే చేస్తున్ననా అన్నా?"

"అవును," అన్నాను.

వాడు తల ఊపి, మళ్ళీ మొదటి నుంచి వంగాడు.